మైకు ఆపడం మరిచిన ఆదివారం

నా మైకు ఇప్పుడు శ్రావణి చేతిలో ఉంది. సూరత్‌లో మా వార్డు ఆఫీసులో నా తర్వాత ఆ పనిలో చేరిన అమ్మాయి. ఇక్కడి గోడాదరా పేటలోనే పుట్టి పెరిగింది. తెలుగు, హిందీ, గుజరాతీ మూడింటినీ ఒకే వాక్యంలో కలిపి పప్పుచారులా కాచేస్తుంది. చేరిన రోజే నన్ను అడిగింది:

"అంకుల్, దీంట్ల స్విచ్ యాడున్నది? బంద్ ఎట్ల చేస్తరు?"

నేను మైకును అటూ ఇటూ తిప్పి చూశాను. ముప్పై ఏళ్ళకు పైగా ఆ మైకు పట్టుకుని వీధులు తిరిగినవాణ్ణి, దాన్ని ఎలా ఆపుతారో నాకు తెలియదు. ఎందుకు తెలియదో, తెలియకపోవడం వల్ల ఒక ఆదివారం నా పరువు నడివీధిలో ఎలా ఊరేగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు చదివి నవ్వుకుంటే నవ్వుకోండి. నవ్విన తర్వాత కాస్త జాగ్రత్తపడండి.

పని ఏమిటంటే

నా పేరు మల్లేశం. మా వాళ్ళందరికీ మైకు మల్లన్నను. వార్డులో జరిగే ప్రతి విషయాన్నీ ఆటోలో తిరుగుతూ తెలుగు వీధుల్లో చెప్పడం నా ఉద్యోగం. నీళ్ళు ఏ పూట వస్తాయి, దోమల మందు ఎప్పుడు కొడతారు, చెత్తబండి ఎందుకు రాలేదు, బతుకమ్మ ఆడుకోవడానికి ఏ మైదానం ఇచ్చారు, అన్నీ నేనే. హిందీలోనూ గుజరాతీలోనూ చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. మా వీధులకు మాత్రం తెలుగులోనే చెప్పాలి. కరీంనగర్ వైపు నుంచి నేతపని కోసం వచ్చిన కుటుంబాలు ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్ళకు మన భాషలో చెబితేనే అది నిజమైన కబురు.

చెప్పడం అంటే అంత తేలిక అనుకోకండి. మా వీధుల్లో సాంచాలు, అంటే మగ్గాల మిషన్లు, పగలూ రాత్రీ ఆడుతూనే ఉంటాయి. ఆ చప్పుడులో మనిషి పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకే సాంచాల దగ్గర పనిచేసేవాళ్ళు చేతులతో మాట్లాడుకుంటారు, పెదాలు చూసి మాట పట్టేస్తారు. నేనూ అదే నేర్చుకున్నాను. బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్ళు. చెంప మీద చటుక్కున కొట్టుకుంటే దోమల మందు. ముక్కు మూసుకుంటే చెత్తబండి. చప్పట్లు కొడుతూ ఆటోలోనే ఓ చుట్టు తిరిగితే బతుకమ్మ. తెలియనివాళ్ళు చూస్తే మల్లేశానికి పూనకం వచ్చిందనుకునేవాళ్ళు.

ఆటో నడిపేది సత్తెన్న. మా ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే వాగుడు. చెప్పాల్సింది మూడుసార్లు చెప్పి, తర్వాతి మలుపు వచ్చేదాకా కబుర్లు వేసుకునేవాళ్ళం. మైకు ఆపేవాణ్ణి కాదు. దాన్ని పొద్దున పెట్టేదీ, సాయంత్రం ఆపేదీ సత్తెన్నే; మధ్యలో ఆపితే మళ్ళీ గీ మని కూసేది, దాని కూత తగ్గేసరికి వీధి దాటిపోయేది. అయినా ఆ సాంచాల చప్పుడులో మా గొణుగుడు ఎవరికి వినపడుతుంది?

"గీ మూడో ఇంటాయన ఎప్పుడు జూసినా బనీను మీదనే ఉంటడేంది సత్తెన్నా?"

"అంగీ లేదేమో అన్నా."

ఇలాంటి విలువైన సమాచారం ముప్పై ఏళ్ళపాటు మైకులోనే పోయింది. ఒక్కరి చెవినా పడలేదు.

పెద్ద సాబు, ఖాళీ నల్లా

నాకు ఈ పని నేర్పింది మా మొదటి పెద్ద సాబు. గుజరాతీ మనిషి, మాట తక్కువ. ఉద్యోగంలో చేరిన నెలలోనే ఆయన దగ్గర ఒక పాఠం నేర్చుకున్నాను. ఆ పాఠం నా నెత్తిన బిందె రూపంలో పడింది.

సాయంత్రం ఆరింటికి నీళ్ళు వస్తాయని కాగితంలో రాసి ఇచ్చారు. నేను ఊరంతా చాటాను. ఆరింటికి ఆడవాళ్ళంతా బిందెలతో నల్లాల దగ్గర బారు తీరారు. ఏడయింది, ఎనిమిదయింది. నల్లాలోంచి గాలి తప్ప చుక్క నీరు రాలేదు. పైపు పగిలిందని తర్వాత తెలిసింది. అప్పటికి మా అక్క నర్సవ్వ నా ఆటోకు అడ్డం నిలబడింది. నాకన్నా ఆరేళ్ళు పెద్దది, మా వీధిలోనే నాలుగిళ్ళ అవతల ఉంటుంది.

"తమ్మీ, నీళ్ళేవిరా?"

"కాయిదంల ఉన్నదక్కా."

"కాయిదం పిండుకొని తాగాల్నా?" అని ఖాళీ బిందె తీసి నా తల మీద బోర్లించింది. వీధంతా ఒకటే నవ్వు.

మర్నాడు సాబుకు చెప్పుకుని ఏడ్చాను. ఆయన జాలిపడలేదు. "ముందు నల్లా తిప్పి చూడు. తర్వాత మైకు పట్టుకో" అన్నాడు, అంతే. అప్పటి నుంచి నీళ్ళ కబురు వస్తే ఏదో ఒక ఇంటి నల్లా తిప్పి చూడందే ఆటో ఎక్కేవాణ్ణి కాదు. మందు కొడతారంటే మందు డబ్బా కళ్ళతో చూసేవాణ్ణి. మైదానం ఇచ్చారంటే వెళ్ళి గేటు తీసి చూసేవాణ్ణి. ఈ సంగతి వీధంతటికీ తెలుసు. నా కబురు వినగానే పిల్లలు కూడా "నల్లా తిప్పి సూసినవా మల్లన్నా?" అని అరిచేవాళ్ళు. నేను బొటనవేలు పైకెత్తి చూపించేవాణ్ణి. నా ఉద్యోగం మొత్తంలో నేను గర్వపడింది ఆ ఒక్క ప్రశ్నకు, ఆ ఒక్క జవాబుకే. ప్రమోషన్ల సంగతి నన్ను అడక్కండి, చెప్పుకోదగ్గవి ఏమీ లేవు.

సాంచాలు ఆగాయి

కరోనా మొదటి ఏడాది నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టారు. నా గొంతు ఫోనులో రికార్డు చేసి, ఆ రికార్డును బండిలో తిప్పారు. నెలలు గడిచేసరికి జనానికి ఆ రికార్డు విసుగెత్తింది. రెండో ఏడాది ఎండాకాలంలో జబ్బు మళ్ళీ విరుచుకుపడింది. బట్టల మార్కెట్లు మూసేశారు, నేసిన బట్ట ఎక్కడిదక్కడ నిలిచిపోయింది, దాంతో మా సాంచాలు ఆగిపోయాయి. అప్పుడు ఆఫీసువాళ్ళు "మల్లేశంభాయ్, మీరే వెళ్ళండి" అని మళ్ళీ మైకు నా చేతికిచ్చారు. ఆదివారం ఆదివారం మా బడి ఆవరణలో టీకా శిబిరం పెడుతున్నారు, జనాన్ని రప్పించాలి.

ఆ మొదటి ఆదివారం ఎంత విడ్డూరంగా ఉందో చెప్పలేను. వీధిలో చప్పుడు లేదు. కుక్కరు ఈల వినపడుతోంది. పిచ్చుక వినపడుతోంది. ఎవరింట్లోనో మొగుడూ పెళ్ళాం చింతపండు గురించి పోట్లాడుకోవడం ముక్క ముక్కా వినపడుతోంది. నేను ఆ సంగతి పట్టించుకోకుండా, ముప్పై ఏళ్ళ అలవాటుతో గుండెల నిండా గాలి పీల్చి "వినుండ్రీ!" అని ఒక్క కేక పెట్టాను.

పావురాలన్నీ లేచిపోయాయి. మూడో అంతస్తులో ఒకావిడ చేతిలోంచి పళ్ళెం జారి కింద పడింది. మేడమీద నుంచి ఒక ముసలి నేతగాడు రెండు చెవులూ మూసుకుని వంగి చూశాడు.

"ఓ మల్లన్నా! నలభై ఏండ్లకు జర ఇనవడుతున్నది రా నాయనా! మళ్ళ చెవుడు చెయ్యకు!"

సత్తెన్న స్టీరింగ్ మీద పడి నవ్వాడు. నేను గొంతు తగ్గించాను. గొణుగుడు కూడా తగ్గించాలని మాత్రం నా మట్టిబుర్రకు తట్టలేదు.

తర్వాత గమనించాను, మేం వెళ్ళేసరికి జనమంతా గుమ్మాల్లోకి, కిటికీల్లోకి వచ్చి నిలబడుతున్నారు. మాస్కుల వెనక కళ్ళు మెరుస్తున్నాయి. మేం మలుపు తిరిగేదాకా ఒక్కరూ లోపలికి పోరు. నా గొంతుకు ఇంత గిరాకీ ఉందా అని పొంగిపోయాను. వాళ్ళు ఎదురుచూసింది నా కబురు కోసం కాదు, కబురుకూ కబురుకూ మధ్య మా ఇద్దరి బాతాఖానీ కోసమని నాకు అప్పుడు తెలియదు. అంగీ లేదేమో అన్న మాట మా మధ్య మళ్ళీ దొర్లాక, మూడో ఇంటి బనీను ఆయన వారంలోగా కొత్త అంగీ తొడుక్కుని గుమ్మంలో కనిపించాడు. నేను ఆ సూచన కూడా పట్టుకోలేదు.

మా అక్క మాట

అందరూ వింటున్నారు, శిబిరానికి మాత్రం రావడం లేదు. రెండు ఆదివారాలు నర్సులు కుర్చీల్లో కూర్చుని గోడలు చూసి వెళ్ళిపోయారు. వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. శిబిరం చూసుకునే డాక్టరమ్మ హేతల్‌బెన్ నన్ను పిలిచి మెల్లగా చెప్పింది. మూడో ఆదివారం కూడా ఇలాగే ఉంటే బల్లలూ మందులూ వేరే వార్డుకు తీసుకుపోతారట. బస్సులు నడవని రోజులు అవి. అంత దూరం మా ముసలివాళ్ళు నడిచి వెళ్ళలేరు. అప్పటికే మా వీధిలో లింగన్నను ఆస్పత్రికి తీసుకెళితే తిరిగి రాలేదు. ఆయన భార్యకు పది రోజులు వండి పెట్టింది మా అక్కే.

ఆ టీకాను అడ్డుకుంటున్నదీ మా అక్కే.

మా వీధిలో నర్సవ్వ మాట అంటే మాటే. బతుకమ్మ పాట ఎత్తుకునేది ఆమె. పెళ్ళికి ముహూర్తం కుదిరినా, కుదరకపోయినా ఆమెకే చెబుతారు. ఓసారి వీధిలోకి ఆంబోతు వస్తే చీపురుతో తరిమింది. అలాంటి మనిషి గుమ్మంలో నిలబడి "సూది ఏసుకుంటే చెయ్యి పడిపోతదట, సాంచా నడిపే చెయ్యి పోతే ఏం తిని బతుకుతరే?" అంటే ఇంకెవరు ముందుకొస్తారు?

నేను వెళ్ళి బతిమాలాను. ఆమెకు షుగరు, ఆయాసం. జబ్బు అంటుకుంటే నిలబడే ఒళ్ళు కాదు. నాకు తల్లి పోయిన తర్వాత తల్లి ఆమే. ఆ రోజుల్లో ఆమె దగ్గితే నా గుండె ఆగిపోయేది.

"అక్కా, నీ కాళ్ళు మొక్కుత, ఒక్కపారి రా."

"నీ పని నువ్వు సూస్కోపో తమ్మీ. నా సంగతి నాకు ఎర్కే."

ఆమె భయం చెయ్యి పడిపోతుందని కాదు. అసలు సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు మా ఊరికి టీకాలవాళ్ళు వస్తే, మా అక్క వడ్లు పోసే వెదురు గుమ్మిలో దూరి, పొద్దుగూకేదాకా బయటికి రాలేదు. ఆంబోతును తరిమే మనిషికి సూదంటే చచ్చేంత భయం. పైన పటారం, లోన లొటారం.

ఇక్కడ ఇంకో మాట ఒప్పుకోవాలి. ఈ రాత నిజాయితీగా ఉండాలంటే తప్పదు. అప్పటికి నేను కూడా టీకా వేయించుకోలేదు. ఆఫీసులో మా వంతు వచ్చిన రోజు జ్వరమని చెప్పి తప్పించుకున్నాను. రేపు, ఎల్లుండి అంటూ జరుపుతూ వచ్చాను. వీధులన్నీ తిరిగి "రాండ్రి, ఏపిచ్చుకోండ్రి" అని చాటుతున్నవాడి భుజం మీద సూది గుచ్చిన గుర్తే లేదు. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారు చూడండి, అది నేనే.

ఆ ఆదివారం

మూడో ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మా వీధిలోకి మలుపు తిరిగాం. శిబిరం కబురు మూడుసార్లు చెప్పాను. భుజం గిల్లుకుని సైగ కూడా చేశాను. మామూలుగానే జనం గుమ్మాల్లో నిలబడ్డారు, ఒక్కరూ కదల్లేదు.

సత్తెన్న అడిగాడు. "ఎందుకన్నా ఒక్కలు గూడ వస్తలేరు?"

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎట్లొస్తరు సత్తెన్నా? మా అక్క ఆపుతున్నది గదా! చెయ్యి లేదు, పడిపోవుడు లేదు, అంత వట్టిదే. ఆమెకు సూదంటే భయం! చిన్నప్పుడు టీకాలోళ్ళు వస్తే పోయి గుమ్మిల దాక్కున్నది. పులి లెక్క తిరుగుతది, సూది పేరు చెప్తే పిల్లి అయితది!"

చెబుతూ ఉండగానే నా మాటే ఎదురింటి గోడకు తగిలి నాకు వినిపించింది. "పిల్లి అయితది... అయితది..." అని.

సత్తెన్న ముఖం తెల్లబోయింది. "అన్నా, మైకు."

పైన మేడ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. పక్క మేడ మీద ఇంకొకరు. ఇక చూడండి, ఈ చివర నుంచి ఆ చివరదాకా నవ్వే నవ్వు. నెలల తరబడి ఏడుపులు తప్ప వినని వీధి అది. పొట్టలు పట్టుకుని, గోడలకు ఆనుకుని, మాస్కులు జారిపోతున్నా పట్టించుకోకుండా నవ్వారు. నాకు ఆటో కింద దూరిపోవాలనిపించింది.

నాలుగో ఇంటి తలుపు తెరుచుకుంది. కొంగు బొడ్లో దోపుకుని మా అక్క బయటికొచ్చింది. వీధి నవ్వు టక్కున ఆగింది. ఆమె నన్ను తిట్టలేదు, కొట్టలేదు. నేరుగా వచ్చి ఆటో ఎక్కి నా పక్కన కూర్చుంది.

"నడువు సత్తెన్నా, బడికి."

ఆటో వెనక వీధి వీధంతా కదిలింది. టీకా కోసం కాదు, తమాషా కోసం. బడి గేటు దగ్గర హేతల్‌బెన్ ఆ గుంపును చూసి "ఇత్నే సారే లోగ్!" అని ఇంతమంది వచ్చిన సంబరంతో కుర్చీలు సర్దబోయింది. ఒక్కరూ గేటు దాటలేదు. అందరూ దూరదూరంగా గోడ పక్కన నిలబడి చూస్తున్నారు.

సత్తెన్న ఆటోను గేటులోంచి టీకా బల్లల దగ్గరికే తీసుకొచ్చి ఆపాడు. అక్క దిగింది. నాలుగడుగులు వేసింది. బల్ల మీద సూది చూసింది, ఆగిపోయింది. బొడ్లో దోపిన కొంగు గట్టిగా పట్టుకుని ఒకడుగు వెనక్కి వేసింది. అది చూసి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరవై దాటిన మా అక్కను అందరి ముందూ ఎంత చిన్నబుచ్చానో అప్పుడు తెలిసింది.

ఆమె వెనక్కి తిరిగి, నా చేతిలో మైకు లాక్కుంది.

"వినుండ్రి! నాకు సూదంటే భయమే. అవు, గుమ్మిల దాక్కున్న. నిజమే. కని గుమ్మిల నేనొక్కదాన్నే ఉన్ననా? నా సంకల కోతిపిల్ల లెక్క అతుక్కొని, నా లంగ మీద ఉచ్చ పోసిందెవడు? చెప్పు తమ్మీ!"

మళ్ళీ నవ్వులు. ఆమె ఇంకా ఆపలేదు. ఈసారి గొంతు తగ్గించి, నా కళ్ళలోకి చూస్తూ అడిగింది.

"మల్లేశం, నల్లా తిప్పి సూసినవా?"

అందరూ నా బొటనవేలి కోసం చూస్తున్నారు. ఆ ప్రశ్నకు ముప్పై ఏళ్ళలో నేను ఒక్కసారి కూడా లేదని చెప్పలేదు. ఆమె మైకు నా నోటి దగ్గర పెట్టింది.

"లేదక్కా" అన్నాను. ఆ మాట బడి గోడలు దాటి వెళ్ళింది.

"మరి రా" అని నా చెయ్యి పట్టుకుంది. "ఇద్దరం ఒక్కపారే."

రెండు కుర్చీలు పక్కపక్కన వేశారు. ఇద్దరు నర్సులు వచ్చారు. అక్క మైకు ఒళ్ళో పెట్టుకుని, నా వేళ్ళు విరిగేలా పట్టుకుని కళ్ళు మూసుకుంది. నేనూ మూసుకున్నాను. గుమ్మిలో వడ్ల వాసన, అక్క గుండె చప్పుడు గుర్తొచ్చాయి. భుజం మీద చీమ కుట్టినట్టయింది.

పక్కన అక్క కళ్ళు తెరిచింది. తన భుజం చూసుకుంది. నర్సును చూసింది.

"గింతేనా?"

మెల్లగా, తనలో తాను అనుకుంది. మైకు ఆమె ఒళ్ళోనే ఉంది. దాన్ని ఆపడం ఆమెకూ తెలియదు. ఆ "గింతేనా?" ఆటో మీది రెండు హారన్లలోంచి బడి మైదానం దాటి, గేటు దాటి, గోడ పక్కన నిలబడ్డ ప్రతి మనిషి చెవిలో పడింది. మూడు వారాలు నేను గొంతు చించుకుని చెప్పినదంతా ఒకెత్తు, మా అక్క ఆశ్చర్యంతో అన్న ఆ ఒక్క మాట ఒకెత్తు.

ముందుగా లింగన్న భార్య గేటు దాటింది. ఆమె వెనక బనీను ఆయన, కొత్త అంగీ చెయ్యి పైకి మడుచుకుంటూ. తర్వాత ఎవరెవరో నేను చూడలేదు, కళ్ళు మసకబారాయి. మధ్యాహ్నానికి మందు అయిపోయి హేతల్‌బెన్ ఇంకా తెప్పించింది. శిబిరం మా బడి నుంచి కదల్లేదు.

శ్రావణికి

అక్క నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు గిన్నెలో చింతచిగురు పప్పు పంపించింది, అంటే మాఫీ. ఆ ఏడు బతుకమ్మకు వార్డువాళ్ళు కొద్దిమందికే అనుమతిచ్చారు. పాట ఎత్తుకున్నది అక్కే. నా మైకు ఆమెకే ఇచ్చాను, భయపడుతూ.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. మైకు ఎలా ఆపాలో మొదటి రోజే నేర్చుకోండి. అది నేర్చుకోలేకపోతే, మైకు తెరిచి ఉందనుకునే మాట్లాడండి. మీరు తిప్పి చూడని నల్లాను జనం చేత తిప్పించకండి.

మొన్న అక్క మా ఇంటికొచ్చి నాతో గుమ్మంలో కూర్చుంది. సాంచాలు మళ్ళీ ఆడుతున్నాయి, పక్క మనిషి మాట వినపడదు. శ్రావణి ఆటో వచ్చింది. మాస్కు గడ్డం కిందికి లాక్కుని నీళ్ళ కబురు మూడుసార్లు చెప్పింది, బొటనవేలు నోటి దగ్గర పెట్టింది. తర్వాత సత్తెన్న వైపు తిరిగి, మా గుమ్మం చూస్తూ ఏదో గొణిగింది. సాంచాల చప్పుడులో ఎవరికీ వినపడదని ఆ పిల్ల ధైర్యం.

మాకూ వినపడలేదు. కానీ పెదాలు చూసి మాట పట్టడం మాకు నేర్పాలా? "గుమ్మిల దాక్కున్నోళ్ళు గీళ్ళే" అంది. నేను అక్కను చూశాను, అక్క నన్ను చూసింది. నవ్వీ నవ్వీ ఆమెకు ఆయాసం వస్తే లోపలికెళ్ళి నల్లా తిప్పి నీళ్ళు తెచ్చిచ్చాను.